మందు కొట్టాడు

తిరువూరు బస్టాండు దాటాక మా షాపు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ వైపు పని పడితే నేను రోడ్డు అవతల నుంచి నడుస్తాను. షాపు పోయినందుకు నాకు ఏడుపు లేదు. పోవాల్సిందే అది. కానీ ఏటా మామిడి పూత వాసన తగిలేసరికి ఆ సీజనంతా గొంతు దాకా వస్తుంది.

మాది పురుగుమందుల షాపు. మా ఆయన కిరీటి కౌంటర్లో కూర్చుంటే నేను పక్కన బిల్లులు రాసేదాన్ని. మందుల కంపెనీలు డీలర్లని టూర్లు తిప్పడం మా లైన్లో మామూలు. ఇంత సరుకు అమ్మితే గోవా, అంతకు మించితే బ్యాంకాక్. బ్యాంకాక్ వెళ్లొచ్చిన మగాళ్లు అక్కడ గుళ్లు చాలా బాగున్నాయని చెబుతారు. ఏ గుడో చెప్పమంటే నీళ్లు నములుతారు. ఆ ఏడు మాత్రం కంపెనీ వాళ్లు 'భార్యాభర్తల్ని జంటగా తీసుకెళ్తాం, బాలి' అన్నారు. దాంతో తిరువూరు, విస్సన్నపేట డీలర్ల ఇళ్లల్లో ఆడవాళ్లందరికీ ఒక్కసారిగా వ్యాపారం మీద శ్రద్ధ పుట్టింది.

"బాలి అంటే ఏంటండీ? వాలి సుగ్రీవుల ఊరా?" అన్నాను.

"ఇండోనేషియాలో దీవి. నిప్పులు కక్కే కొండ ఉంటుందంట" అన్నాడు కిరీటి.

"దానికి అంత దూరం ఎందుకు? ఇంట్లో నేను లేనా?"

"నువ్వు రోజూ కక్కుతావు. అది ఎప్పుడో గానీ కక్కదంట. అందుకే జనం ధైర్యంగా పోతారు."

అలా నవ్వుకుంటూనే బెజవాడ వెళ్లి పాస్‌పోర్టులు తెచ్చుకున్నాం.

టూరు రావాలంటే అమ్మాల్సిన సరుకు ఒకటే. కొత్త మందు. కంపెనీ మనిషి ప్రేమ్ కిరణ్ దాన్ని ఆటోలో దింపించాడు. ఆకుపచ్చ డబ్బా, మీద వేపాకు బొమ్మ, 'బయో' అని పెద్ద అక్షరాలు. లోపల ఏముందో రాయలేదు. విషం మందుల మీద వేసే ఎర్ర గుర్తూ లేదు.

"బయో అంటే నిదానంగా పనిచేస్తుంది కదా. రైతు ఆగడు" అన్నాడు కిరీటి.

ప్రేమ్ కిరణ్ నవ్వాడు. "పేరుకే బయో అన్నా. లోపల టెక్నికల్ గట్టిది కలిపారు. కొట్టిన మర్నాటికి పురుగు రాలిపోద్ది."

టెక్నికల్ అంటే మా లైన్లో అసలు విషం. అదేం విషమో ముందుకి వంగి కిరీటి చెవిలో చెప్పాడు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్లిపోయాను. మా షాపులో అలాంటి మాటలు రోజూ వినబడేవే.

మా నాన్న వెంకటప్పయ్యకి రెడ్డిగూడెంలో మామిడి తోట ఉంది. దానికి మందు కొట్టేది జోజప్ప. భార్య అంతోనమ్మ డ్రమ్ములో మందు కలిపి పైపు లాగుతుంటే, ఆయన స్ప్రే గన్ను పట్టుకుని చెట్టు కింద నిలబడి పైకి కొడతాడు. పెద్ద చెట్లకి కొడితే సగం మందు కొమ్మలకి, సగం కొట్టేవాడి మొహానికి. అందుకని జోజప్ప తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని, పొడుగు చేతుల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా తయారయ్యేవాడు. చిన్నప్పుడు నేను చూసి దొంగ వచ్చాడని ఏడిస్తే, తువ్వాలు తీసి, "నేనే కరుణమ్మా, మీ జోజప్పనే" అని నవ్వేవాడు.

విభూది బుధవారం రోజున చర్చి నుంచి నేరుగా షాపుకొచ్చాడు. నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు. ఆ రోజు నుంచి ఈస్టరు దాకా వాళ్లకి ఉపవాసాల కాలం. జోజప్ప కుర్రతనంలో తాగేవాడట. అంతోనమ్మ పుట్టింటికి వెళ్లిపోతే, చర్చి ముందు మోకాళ్ల మీద నిలబడి మానేస్తానని ఒట్టేసి, నిజంగానే మానేశాడు. ఆ సంగతి మా నాన్న నలుగురిలో తీస్తే చాలు, కొత్త పెళ్లికూతురిలా తల దించేసేవాడు.

"ఏం తిన్నావ్ జోజప్పా?" అని అడిగాను.

"సాయంత్రం దాకా మంచినీళ్లేనమ్మా."

కిరీటి పచ్చ డబ్బాలు కౌంటర్ మీద పెట్టాడు. "మావయ్య తోటకి తేనెమంచు పురుగు పట్టిందన్నారుగా. ఇది కొట్టు జోజప్పా. బయో. ఆకుల రసం. తాగినా ఏం కాదు."

"అయితే ఆ తువ్వాలు బాధ లేదన్నమాట. గాలాడక చస్తన్నానండీ అల్లుడు గారూ, దాంతో."

"ఏం అక్కర్లేదు" అన్నాడు కిరీటి.

జోజప్ప డబ్బాలు సంచిలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగాడు. "నిప్పుకొండ కాడికి పోతన్నారంట కదమ్మా. దాని మీద చెట్లుంటాయా?"

"నిప్పు మీద చెట్లేంటి జోజప్పా."

"ఏమో. బూడిద చెట్టుకి బలమేగా. చూసొచ్చి చెప్పమ్మా."

బాలిలో మా బస్సు నిండా డీలర్లూ, డీలర్ల భార్యలూ. ఆవకాయ సీసా ముందు సీట్లో బయల్దేరి వెనక సీటు దాకా పోయి ఖాళీగా తిరిగొచ్చేది. గైడు పేరు మడే. నడుముకి గళ్ల పంచె, తలకి చిన్న తలగుడ్డ. మనవాళ్లని చాలామందినే తిప్పాడేమో, 'బాగున్నారా', 'తొందరగా రండి', 'బాత్రూం ఇటు' అనే ముక్కలు తెలుగులో వచ్చు. అక్కడ ప్రతి ఇంటి ముందూ, ప్రతి కొట్టు ముందూ ఆకుతో అల్లిన చిన్న బుట్టలో పూలూ, అన్నం మెతుకులూ, అగరొత్తీ పెడతారు. నేను తొక్కకుండా దాటుకుంటూ నడిచాను. ప్రేమ్ కిరణ్ ఒకదాన్ని తొక్కి బూటు దులుపుకున్నాడు.

నిప్పుకొండ ఎదురుగా ఉన్న హోటల్లో మధ్యాహ్నం భోజనం. కొండ పేరు బతూర్. అంచున నిలబడి చూస్తే కింద నేలంతా నల్లగా మాడి ఉంది, మధ్యలో కొండ, పక్కన పెద్ద చెరువు. పొగ లేదు, మంట లేదు.

"ఇదేంటి, స్టవ్వు ఆపేశారా?" అన్నాడు విస్సన్నపేట డీలరొకాయన.

నేను చూసింది వేరే. ఆ మాడిన నేల అంచు నుంచే పచ్చగా నారింజ తోటలు. కాయలు కూడా కనబడుతున్నాయి. నిప్పు మీద చెట్లేంటని నేను జోజప్పని ఎగతాళి చేశాను గానీ, ఆయనే కరెక్టు. ఫొటో తీసి పెట్టుకున్నాను, వెళ్లగానే చూపించాలని.

మడే తన ఇంగ్లీషులో ఆ కొండ కథ చెప్పాడు. పూర్వం ఇక్కడ కెబో ఇవా అని ఒక మహాకాయుడు ఉండేవాడట. చెడ్డవాడు కాదు. ఊరివాళ్లకి బండలు మోసేవాడు, గుళ్లు కట్టేవాడు, కాలవలు తవ్వేవాడు. అడిగేది కడుపు నిండా తిండే. ఓసారి కరువొచ్చింది. తిండి దొరక్క వాడు ఇళ్లు పీకేయడం మొదలుపెట్టాడు. ఊరివాళ్లు కూడబలుక్కుని, నీకు తిండి పెడతాం, మాకో నుయ్యి తవ్విపెట్టు, నీకు మంచి ఇల్లు కడతాం అన్నారు. ఇంటి కోసమని చెప్పి నూతి గట్టున సున్నం గుట్టలు పోయించారు. వాడు సంతోషంగా తవ్వాడు, తిన్నాడు, అలసిపోయి నూతిలోనే నిద్రపోయాడు. అప్పుడు ఆ సున్నమంతా వాడి మీద పోసేశారు. నూతిలో నీళ్లు పొంగి చెరువైంది. వాడు తవ్విపోసిన మట్టి కొండైంది.

"ఇంటికి సున్నం కొడతామని వాడికే కొట్టారన్నమాట" అన్నాడు ప్రేమ్ కిరణ్. బల్లల చుట్టూ అందరూ నవ్వారు. కిరీటి కూడా నవ్వాడు.

"వాడికి అనుమానం రాలేదా?" అని నేను మడేని అడిగాను.

"తిండి పెట్టినవాళ్ల మీద అనుమానం ఎందుకొస్తుంది మేడం?" అన్నాడతను.

తర్వాత కిరీటిని, మీరేం చేస్తారు సార్ అని అడిగాడు. కిరీటి గర్వంగా, "మెడిసిన్ షాప్" అన్నాడు. మడే మొహం వెలిగిపోయింది. వాళ్లమ్మకి రాత్రంతా దగ్గట, ఏదైనా మందు ఉంటే ఇవ్వమన్నాడు. కిరీటి తడబడి, "నో, నో. నాట్ ఫర్ మ్యాన్. ఫర్ ట్రీ" అన్నాడు. మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో నా ఫోన్ మోగింది. నాన్న.

"కరుణా, జోజప్పకి బాలేదమ్మా. నిన్న తోటలో మందు కొట్టి ఇంటికెళ్లి ఒకటే వాంతులంట. మనిషి మత్తుగా పడిపోయాడు. ఎండదెబ్బ అనుకున్నాం. రాత్రి బెజవాడ ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ వాళ్లు, తాగొచ్చాడు, మత్తు దిగితే లేస్తాడు అంటున్నారంట."

"ఎవరు తాగొచ్చారు?"

"జోజప్పేనమ్మా."

నాకు ఒళ్లు మండింది. వెంటనే అంతోనమ్మకి ఫోన్ చేశాను. ఆస్పత్రి వరండాలో ఉంది, చుట్టూ గోల.

"నువ్వు డాక్టర్‌కి ఏం చెప్పావ్ అంతోనమ్మా?"

"ఉన్నదే చెప్పానమ్మా. కుర్ర డాక్టరు బాబు, ఏమైంది అన్నాడు. మందు కొట్టాడు బాబూ అన్నాను. ఎప్పట్నించి అలవాటు అన్నాడు. కుర్రతనం నించీ అదే పని బాబూ అన్నాను. రోజూ కొడతాడా అన్నాడు. పూత కాలంలో రోజూ కొడతాడు అన్నాను. మానిపించలేకపోయావా అన్నాడమ్మా. మానేస్తే ఏం తింటాం బాబూ అన్నాను. ఆ బాబు నా వైపు అదోలా చూసి, సెలైన్ పెట్టించి పోయాడు."

మందు కొట్టాడు. మా ఊళ్లో రైతులూ అదే అంటారు, బ్రాందీ షాపు దగ్గర కుర్రాళ్లూ అదే అంటారు. ఇన్నేళ్లుగా మేం బతికింది ఆ మాట మీద, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"పురుగుమందు అని ఎందుకు చెప్పలేదే?"

"పురుగుమందంటే, తాగి చావబోయాడనుకుని పోలీసుల్ని పిలుస్తారు కదమ్మా. మాకది పాపం కూడాను. అయినా అల్లుడు గారు ఇచ్చింది ఆకుల రసమేగా. దానివల్ల కాదులే అనుకున్నాను."

ఫోన్ డాక్టర్‌కి ఇవ్వమన్నాను. ఆమె వెతుక్కుంటూ వెళ్తుంటే పైపు నీళ్ల చప్పుడు, ఎవరో బిడ్డ ఏడుపు, స్ట్రెచర్ చక్రాలు. కుర్ర గొంతు పలికింది. నేను గబగబా చెప్పాను, ఆయన తాగడు, తోటకి మందు కొట్టే మనిషి అని. వెంటనే ఆ గొంతు మారిపోయింది. "ఏ మందు మేడం? లోపల ఏముంది? త్వరగా చెప్పండి."

నేను ఫోన్ కిరీటి చేతికిచ్చాను. "జోజప్ప ప్రాణం మీదికొచ్చింది. పచ్చ డబ్బాలో ఏముందో డాక్టర్‌కి చెప్పండి."

ప్రేమ్ కిరణ్ పక్కనే ఉన్నాడు. మాట పైకి రాకుండా, "బయో అను అన్నా" అన్నాడు.

కిరీటి ఫోన్లో, "బయో సార్. ఆకుల రసం" అన్నాడు. కాసేపు విని, "అంతకు మించి నాకు తెలీదు సార్" అన్నాడు. ఫోన్ నాకు తిరిగిచ్చి, కెమెరా తీసి కొండ ఫొటోలు తీసుకోసాగాడు.

పెళ్లయినప్పట్నించీ ఆ మనిషి పక్కన పడుకుంటున్నాను. ఎవరికీ కీడు చెయ్యడనుకునేదాన్ని.

"డాక్టర్ గారూ, అది బయో కాదు. లోపల విషం కలిపారు. పేరు మా ఆయనకి తెలుసు. మీ నంబరు ఇవ్వండి, కనుక్కుని చెబుతాను, ఈలోపు చూడండి" అన్నాను ఫోన్లో. నా గొంతుకి బల్లల దగ్గర అందరూ తినడం ఆపారు. ప్రేమ్ కిరణ్ దగ్గరికొచ్చి, "వదినా, నీకు తెలీని విషయాలు మాట్లాడకు. పేరు బయటికొస్తే మీ షాపే మొదట పోద్ది" అన్నాడు.

బస్సెక్కాం. పక్కన కూర్చుని నేను ఒకటే మాట అడిగాను, పేరు. కిరీటి కిటికీలోంచి చూస్తున్నాడు. లైసెన్స్ పోద్ది అన్నాడు. కేసవుద్ది అన్నాడు. మనం రోడ్డున పడతాం కరుణా అన్నాడు. కొండ దిగే మలుపులన్నీ అలాగే గడిచాయి. అంతోనమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి మాట్లాడలేదు, ఏడుపే వినిపించింది.

"ఆయన మొహం మీద తువ్వాలు తీయించింది నువ్వు" అన్నాను. పెళ్లయ్యాక ఆయన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

కిరీటి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. తప్పులు కొడుతూ, చెరుపుతూ, నోరు తిరగని ఆ పేరు కొట్టి ఇచ్చాడు. డాక్టర్‌కి పంపాను. బస్సు అప్పటికి ఏదో జలపాతం దగ్గర ఆగింది. మడే, "తొందరగా రండి" అని పిలుస్తున్నాడు. మేమిద్దరం దిగలేదు.

జోజప్ప రెండో రోజు పోయాడు. ఊపిరితిత్తుల నిండా నీరు చేరిందన్నారు. ఆ కుర్ర డాక్టరు మా నాన్నని పక్కకి పిలిచి, "నేను ఇంకో మాట అడిగి ఉండాల్సిందండీ" అన్నాడట. రాత్రంతా ఆ గదిలోంచి కదల్లేదట పాపం. ఇంకో మాట అడగాల్సినవాడు అతనే. ఒక్క మాట ముందే చెప్పాల్సినవాడు నా పక్కన విమానంలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

మేం వచ్చేసరికి పోస్ట్‌మార్టం అయ్యింది. రిపోర్టు రావడానికి నెలలు పడుతుందన్నారు. ఊరికి అంత ఓపికెక్కడిది? జోజప్ప ఒట్టు తీసి గట్టున పెట్టి, ఉపవాసాల కాలంలో తాగి చచ్చాడంట, సాక్షాత్తూ డాక్టరే అన్నాడంట అని ఆటోల్లో కూడా అనుకుంటున్నారు.

రెడ్డిగూడెంలో వాళ్ల ఇంటికెళ్తే అంతోనమ్మ లేచి కిరీటికి దణ్ణం పెట్టింది. "అంత దూరం నించి డాక్టర్‌తో మాట్లాడారంట బాబూ. ఎవరు చేస్తారు ఈ కాలంలో." కిరీటి గుమ్మం బయటే ఆగిపోయాడు. చెప్పులు విప్పబోయినవాడు మళ్లీ వేసుకున్నాడు. మా నాన్న అతని వైపు చూడనే లేదు.

అంతోనమ్మ నన్ను లోపలికి తీసుకెళ్లింది. దండెం మీద ఆ తువ్వాలు శుభ్రంగా ఉతికి మడతపెట్టి ఉంది. వాడలేదుగా.

"కరుణమ్మా, పోయినోడు ఎట్టాగూ రాడు. నాకింకేం వద్దు. ఆయన తాగి పోలేదని ఎవరో ఒకరు నలుగురిలో ఒక్క మాట చెబితే చాలు. నేను చెబితే, పెళ్లాం కదా, వెనకేసుకొస్తందంటారు. నువ్వు చదువుకున్నదానివి. షాపు గలదానివి. నీ మాట వింటారు."

ఆమెకి అప్పటికీ పూర్తిగా తెలీదు. ఆయన తాగలేదని నేను చెప్పాలంటే, దేనివల్ల పోయాడో కూడా చెప్పాలి. అది చెబితే మా షాపుకి, మా ఆయనకి ఏమవుతుందో నాకు తెలుసు. బయటికొచ్చి కిరీటికి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. బతిమాలుతున్నట్టు ఊపాడు. అతని మీద నాకు జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు.

సమాధుల దగ్గర ఎండ మండిపోతోంది. చుట్టూ తోటల్లో పూత మాడినట్టయి రాలుతోంది, కింద నేలంతా పొట్టు. పెట్టె దించారు. ఫాదర్ గారు ప్రార్థన ముగించి, ఎవరైనా రెండు మాటలు చెబుతారా అన్నారు. జనంలో ఎవరూ కదల్లేదు. కొందరు నేల చూపులు చూశారు, వెనక ఇద్దరు ముగ్గురు మూతులు తిప్పుకున్నారు. కిరీటి గేటు దగ్గర బండి పట్టుకుని నిలబడ్డాడు.

నిప్పుకొండ మీద చెట్లున్నాయి జోజప్పా, నారింజ తోటలున్నాయి, నువ్వన్నదే నిజం అని చెప్పాలనిపించింది నాకు. ఆ మాట మనసులోనే చెప్పుకుని ముందుకెళ్లాను.

"జోజప్ప మందు కొట్టి చనిపోయాడు" అన్నాను.

జనంలో గుసగుస మొదలైంది. చూశావా అన్నట్టు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అంతోనమ్మ నా వైపు తిరిగింది, ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. నేను గొంతు పెంచాను.

"మా నాన్న తోటకి. మా షాపు మందు. అది బయో కాదు, విషం. మా ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. తెలిసే ఇచ్చాం. జోజప్ప చుక్క తాగలేదు. ఆ రోజు మంచినీళ్లు తప్ప ఇంకేం ముట్టలేదు."

గుసగుస ఆగిపోయింది. గేటు దగ్గర బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది, దూరమైంది. అంతోనమ్మ ఏడవలేదు. నన్ను తిట్టలేదు, దగ్గరికి తీసుకోనూ లేదు. వంగి గుప్పెడు మట్టి తీసుకుంది. ముందు వరస నుంచి వెనక వరస దాకా ఒక్కొక్కళ్ల మొహంలోకి చూసింది.

"విన్నారుగా" అని, మట్టి వేసింది.